అద్దాల తొట్టిలో సముద్రము

భీమునిపట్నమున గోస్తనీ నది వచ్చి కడలిలో కలిసెడి చోట ఇసుకతిన్నెల మీద నిలిచి చూచినవారికి కనుచూపుమేర నీరే కాని మరియొకటి కానరాదు. పదునేడవ శతాబ్దమున ఓడలెక్కి వచ్చిన డచ్చివారు ఈ ఊర స్థావరము నేర్పరచుకొనిరి. వారి సమాధులు నేటికిని అచట నిలిచియున్నవి. ఇట్టి ఊర పుట్టి పెరిగినవారికి సముద్రము వింత కాదు. అయినను ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలునకు, ఆ సముద్రములో పిడికెడు భాగమును తన ఇంటి వసారాలో నిలుపుకొనవలెనను కోరిక పుట్టెను.

దసరాకును సంక్రాంతికిని పెద్దలిచ్చిన సొమ్మును అతడు రెండేండ్లు హుండీలో దాచెను. ఆ సొమ్ముతో మూడడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, పదునారు అంగుళముల ఎత్తుగల అద్దాల తొట్టిని చేయించెను. గాలిపంపును, స్పాంజి వడపోత పరికరమును కొనెను. ఇసుకను తేటనీరు కారువరకు కడిగి అడుగున పరచెను. తీరమునుండి బిందెలతో సముద్రజలము తెచ్చి నాలుగు మడతల గుడ్డతో వడకట్టి నింపెను. తొట్టిలో పట్టిన నీరు సుమారు 100 లీటర్లు. ఆ నీటి గుండ చూచినచో ఆవలి గోడమీది క్యాలెండరు అక్షరములు స్పష్టముగ చదువవచ్చును.

మరునాడే విశాఖపట్నము పోయి రెండు క్లౌను చేపలను తెచ్చెను. నారింజవన్నె మేను, దానిమీద తెల్లని పట్టెలు. ఒకప్పుడు ఇట్టి చేపలను పగడపు దిబ్బలలో పట్టి తెచ్చెడివారు. నేడు మనదేశములోనే వాటిని పొదిగించి పెంచుట నేర్చిరి. బాలుని చెల్లెలు మూడవ తరగతి. ఆమె బడినుండి రాగానే పుస్తకముల సంచిని కూడ దింపక తొట్టి ముందు కూర్చుండెడిది. అన్నాచెల్లెండ్రిద్దరును పోటీపడి రోజునకు ఆరుసార్లు మేత వేసిరి. తిన్నది తినగా మిగిలినది ఇసుకలో దిగబడెను.

నాలుగవనాడు చేపలు మేత ముట్టలేదు. నీటి ఉపరితలమునకు చేరి నోరు తెరచుచు మూయుచు వేగముగ ఊపిరి తీయసాగెను. మొప్పలు ఎర్రబారెను. ఐదవనాటి ఉదయమున ఒకటియు, సాయంకాలమున రెండవదియు చచ్చిపోయెను. తల్లి దిష్టి తగిలినదనెను. నాయనమ్మ, ప్రాణమున్న వాటిని ఆటవస్తువులుగ చేసికొనరాదని ముందే చెప్పితిననెను. చెల్లెలు మాత్రము కన్నీరు తుడుచుకొని ఒక్కమాట అడిగెను.

"అన్నయ్యా, నీళ్లు బాగానే ఉన్నాయి కదా?"

ఆ ప్రశ్నకు అన్న యొద్ద సమాధానము లేదు. నీరు నిజముగనే అద్దమువలె నుండెను.

వారి మేనమామ సమీపమున రొయ్య పిల్లల హేచరీలో పనిచేయుచుండెను. కోస్తా జిల్లాలలో రొయ్యల సాగు చేయువారికి నీటి పరీక్ష నిత్యకృత్యము. పాలవాడు పాల చిక్కదనమును చూచినట్లు వారు చెరువునీటిలోని అమ్మోనియాను చూచుచుందురు. ఆదివారమునాడు వచ్చిన మేనమామకు బాలుడు జరిగినదంతయు చెప్పెను. ఆయన తన సంచినుండి చిన్న గాజునాళికను, రెండు చుక్కమందు సీసాలను తీసెను. తొట్టినీరు కొంత నాళికలో పోసి చుక్కలు వేసి ఐదు నిమిషములు నిలిపెను. పసుపుపచ్చగ నుండవలసిన నీరు చిక్కని ఆకుపచ్చగ మారెను.

"మామయ్యా, ఇందులో ఏ మురికీ లేదు కదా! అంతా కడిగే వేశాను."

"కంటికి కనబడే మురికి వేరు, చేపను చంపే మురికి వేరురా అబ్బాయీ. నువ్వు మరీ శుభ్రంగా కడగడమే ఇక్కడ వచ్చిన చిక్కు."

మేనమామ చెప్పిన మాటలో చమత్కారమేమియు లేదు. చేప తాను తిన్న మాంసకృత్తులలోని నత్రజనిని అధికభాగము అమ్మోనియా రూపమున మొప్పల ద్వారా నీటిలోనికే విడిచిపెట్టును. మిగిలిపోయిన మేత కుళ్లినను అమ్మోనియాయే పుట్టును. సముద్రము అపారమైనది కనుక అచట ఆ విషము పలుచబడిపోవును. దానిని తిని బ్రతుకు జీవులును అచట కోట్లకొలది కలవు. వంద లీటర్ల తొట్టిలో ఆ రెండు రక్షలును లేవు. పైగా ఉప్పునీటికి ఇంకొక చిక్కు కలదు. నీటిలో అమ్మోనియా రెండు రూపములలో నుండును. వానిలో ఒకటి అంతగా హానిచేయదు. రెండవది మొప్పలను కాల్చును. నీటి పి.హెచ్. విలువ పెరిగినకొలది ఈ రెండవ రూపము పాలు పెరుగును. సముద్రజలమునకు ఆ విలువ సుమారు 8.2. పి.హెచ్. 7 ఉన్న మంచినీటితో పోల్చినచో విషరూపము పాలు ఇచట పదిరెట్లకు పైగా నుండును. కావున మంచినీటి తొట్టిలో ఎటులో గట్టెక్కిన చేప, అంతే అమ్మోనియా ఉన్న ఉప్పునీటి తొట్టిలో గట్టెక్కదు.

ఈ విషమును తినునవి సూక్ష్మజీవులు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగ మార్చును. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగ మార్చును. నైట్రేటు మితముగ నున్నంతకాలము చేపలకు అంత హాని లేదు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చినచో తగ్గిపోవును. ఈ రెండు తెగలును ఇసుకమీదను, రాళ్లమీదను, స్పాంజి రంధ్రములలోను పొరగా అంటుకొని స్థిరపడువరకు తొట్టి చేపలకు ఇల్లు కాదు. అట్లు స్థిరపడుటనే ఆక్వేరియము పెంచువారు తొట్టి 'సైకిలు' పూర్తియగుట యందురు. మేనమామ దానికి తన భాషలో "తొట్టి పండటం" అని పేరు పెట్టెను. ఆ మాటయే బాగున్నది.

మనుష్యులు ఈ సంగతిని తెలిసికొనుటకు చాలకాలము పట్టెను. 1846లో అన్నా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమునుండి సజీవములైన పగడపు జీవులను లండనుకు తెచ్చెను. తెచ్చిన నీటికి ప్రాణవాయువు తగులుటకై ఆమె ఇంటి పనిపిల్ల తెరచిన కిటికీ ముందు నిలిచి నీటిని ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి వంపుచుండెడిది. నేటి గాలిపంపు చేయుపనిని ఆనాడు ఆ పిల్ల చేతులు చేసెను. ఆమె పేరు మాత్రము చరిత్రలో ప్రసిద్ధికెక్కలేదు. తరువాత రాబర్టు వారింగ్‌టను అను రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు, నీటిమొక్కలు, నత్తలు ఒకదానికొకటి తోడ్పడునట్లు ఒకే తొట్టిలో పెంచి, ఆ వృత్తాంతమును 1851లో ప్రకటించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకు మత్స్యశాల వెలసెను. అప్పటికి అందరి దృష్టియు ప్రాణవాయువు మీదనే. అమ్మోనియా ఏమగునో ఎవరును విచారింపలేదు.

ఆ గుట్టు చేపల తొట్టిలో గాక మురుగునీటిలో బయటపడెను. 1877లో షొలేజింగ్, మ్యుంట్జ్ అను ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక గొట్టములో ఇసుకను, సున్నపురాతి పొడిని నింపి, దానిగుండ మురుగునీటిని మెల్లమెల్లగ కారనిచ్చిరి. ఇరువది దినముల వరకు లోనికి పోయిన అమ్మోనియా అట్లే బయటికి వచ్చెను. ఆ పిమ్మట అకస్మాత్తుగ నైట్రేటు కనబడ మొదలిడెను, అమ్మోనియా మాయమయ్యెను. ఇసుకయే ఆ పని చేయుచున్నచో మొదటినాడే చేయవలెను గదా! ఇరువది దినములు ఏల ఆగవలెను? ఏదో ప్రాణి పెరుగుచున్నదని వారు ఊహించిరి. నిజము తేల్చుటకై గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరి పంపిరి. మార్పు నిలిచిపోయెను. క్లోరోఫారము తీసివేసినను మరల మొదలు కాలేదు. కొంచెము మన్ను కలిపిన నీరు పోసిన పిమ్మటనే గొట్టము తిరిగి పనిచేసెను. మందుచే మత్తిల్లి చచ్చునది ప్రాణి గాక మరేమి?

పైన చెప్పిన వారింగ్‌టనునకు తండ్రి పేరే పెట్టుకొన్న కుమారుడొకడు కలడు. ఆయన ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున చాలయేండ్లు ఈ విషయముననే కృషిచేసి, అమ్మోనియా నైట్రైటగుటయు, నైట్రైటు నైట్రేటగుటయు రెండు వేరువేరు జీవుల పనులని చూపెను. తండ్రి తొట్టిని నిలిపెను. తొట్టి ఎందుకు నిలుచునో కుమారుడు సగము చెప్పెను. ఆ జీవులను విడదీసి పట్టుకొనుట మాత్రము ఆయనకు సాధ్యము కాలేదు. 1890లో జ్యూరిచ్ నగరమున వినొగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు దానిని సాధించెను. ఇతర సూక్ష్మజీవులకు పెట్టు జెలటిను వంటి పుష్టికరమైన ఆహారము వీటికి పనికిరాదు. ఆయన అట్టి ఆహారమంతయు మాని, లవణములు కలిపిన నీటిలో అమ్మోనియా ఒక్కటే ఉంచెను. ఏమియు పెట్టనిచోట పెరుగునవి అవియే. అమ్మోనియా నుండి శక్తిని, నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు నుండి దేహమును నిర్మించుకొను ఆ జీవుల బ్రతుకు మిక్కిలి నెమ్మది. మేతను కుళ్లించు సూక్ష్మజీవులలో కొన్ని అరగంటకే రెండింతలగును. ఇవి రెండింతలగుటకు అనుకూలమైన నీటిలోనే రమారమి ఒక దినము పట్టును. తొట్టి పండుటకు వారములు పట్టుటకు కారణమిదియే.

ఈసారి బాలుడు తొట్టిని మరల నింపెను. అడుగున ఇసుక, దానిమీద కుమ్మరి ఆవమునుండి తెచ్చిన పగిలిన కుండపెంకులు. కాల్చిన మట్టిలో కంటికి కనబడని రంధ్రము లెన్నియో కలవు కనుక సూక్ష్మజీవులకు అవి మంచి నెలవులు. పగడపు రాళ్లు తెత్తునని బాలుడనగా మేనమామ ఒప్పుకొనలేదు. 2001 నుండి పగడపు జీవులకు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కలదు. వాటిని సముద్రమునుండి పెకలించుట నేరము. "పోనీ, మీ హేచరీలో నానిన స్పాంజి ఒకటి ఇయ్యి మామయ్యా, తొందరగా అయిపోతుంది" అని బాలుడు బతిమాలెను. ఆ ఉపాయము మంచిదే. పండిన తొట్టినుండి తెచ్చిన స్పాంజితో కొత్త తొట్టి త్వరగా పండును. కాని సూక్ష్మజీవులతో పాటు ఆ తొట్టి రోగములును వచ్చును. రొయ్యల హేచరీలవారికి రోగభయమెట్టిదో మేనమామకు బాగుగ తెలియును.

అమ్మోనియా పుట్టుటకు ఏదో ఒకటి వేయవలెను. చేపను వేసి దానిచే విషము త్రాగించి తొట్టిని పండించు పద్ధతి వెనుక వాడుకలో నుండెను. అది క్రూరమైన పని. మేనమామ ఒక పచ్చిరొయ్యను గుడ్డలో మూటగట్టి నీటిలో వ్రేలాడదీయించెను. మూడవనాటికి నాయనమ్మ ముక్కు మూసికొని, "దేవుడి గది పక్కనే ఈ కంపేమిట్రా!" అని కొడుకును, మనుమని, ఊరలేని మేనమామను కలిపి తిట్టెను. తొట్టి వసారా చివరకు జరుగుట కిదియే కారణము. నింపిన తొట్టిని జరుపుట ప్రమాదము. సగము నీరు తీసి, జరిపి, తిరిగి పోయవలసివచ్చెను.

ప్రతిదినము సాయంకాలము ఆరు గంటలకు పరీక్ష. ఒక పాత నోటుబుక్కున తేదీ, అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు అని గళ్లు గీసికొనెను. హైడ్రోమీటరుతో ఉప్పదనమును చూచి 1.025 దగ్గర నిలుపవలెను. ఆవిరియైపోవునది నీరే గాని ఉప్పు కాదు. కనుక తగ్గినంత మేర మంచినీరే పోయవలెను. ఈ చిన్నమాట తెలియక సముద్రజలమే పోసి పోసి తొట్టిని ఉప్పుగల్లు చేసినవారు కలరు.

నాలుగవనాడు నీరు పాలు కలిపినట్లు తెల్లబారెను. బాలుడు భయపడెను. అది కుళ్లును తిను జీవుల విజృంభణము. రెండు మూడు దినములలో తానే తగ్గిపోయెను. నీరు మరల అద్దమువలె నయ్యెను. అయ్యెననుకొని సంతోషించెను. పరీక్ష చేయగా అమ్మోనియా లీటరునకు 2 మిల్లీగ్రాములు! మొదటిసారి చేపలను చంపిన తేటదనమే అది. పదియవనాటికి 4 వరకు పెరిగెను. అంతట రొయ్యమూటను తీసివేసిరి. పదునాలుగవనాడు నైట్రైటు నాళికలో తొలిసారిగ లేతగులాబి రంగు కనబడెను. మొదటి తెగ వచ్చి చేరినదన్నమాట. ఇసుకమీద గోధుమరంగు పొర ఒకటి ఏర్పడెను. ఈ పొర కనబడగానే తొట్టి సిద్ధమైనదని కొందరందురు. అది డయాటమ్ అను సూక్ష్మ నాచు. కొత్త తొట్టిలో అది తరచు కనబడునే కాని, దానిని చూచి ఏమియు నిశ్చయింపరాదు.

ఇరువది యొకటవనాడు అమ్మోనియా నాళిక తేట పసుపుగ నిలిచెను. సున్న! బాలుడు గంతులు వేసెను. ఇరువదినాలుగవనాడు చెల్లెలి పుట్టినరోజు. ఆనాటికి చేపలు వచ్చునని అతడు ఆమెకు మాట ఇచ్చియుండెను. వెంటనే మేనమామకు ఫోను చేసెను.

"సున్న వచ్చింది మామయ్యా! రేపే వెళ్లి తెస్తాను."

"నైట్రైటెంత?"

బాలుడు మాటాడలేదు. నైట్రైటు నాళిక గోరింట పండిన చేతివలె ఎర్రబారియున్నది. 5 మిల్లీగ్రాములు.

"నైట్రేటు కూడా వచ్చేసింది కదా మామయ్యా? అది ఆఖరిది కదా?"

"ఆ పరీక్షలో నైట్రేటును నైట్రైటుగా మార్చే రంగు తెప్పిస్తారు. నీళ్లల్లో నైట్రైటు నిండా ఉంటే అది కూడా నైట్రేటుగానే కనబడుతుంది. సగం దారిలో ఉన్నావు. దిగకు."

ఇచట ఒక నిజమును చెప్పవలెను. ఉప్పునీటిలో క్లోరైడు అధికముగ నుండుటవలన నైట్రైటు చేప దేహములోనికి అంత సులభముగ చొరబడదు. మంచినీటిలో చేసినంత హాని ఇచట చేయదు. కావున ఆనాడు చేపలను వేసియున్నచో అవి చచ్చియుండెడివని రూఢిగ చెప్పలేము. బ్రతికినను బ్రతుకును. కాని రెండవ తెగ ఇంకను నిలదొక్కుకొనలేదనుటకు నైట్రైటు సాక్ష్యము. నిలదొక్కుకొనని తొట్టిలో ఏ చిన్న తప్పిదమైనను పెద్దదగును. ఆ తప్పిదము ఎంత దగ్గరలో నున్నదో రెండు దినములలోనే తెలిసెను.

పుట్టినరోజునకు బంధువులు వత్తురని ముందునాడు తల్లి ఇల్లంతయు కడిగించెను. వసారాలోని తొట్టి అద్దములు తుడిచెను. స్పాంజి గోధుమరంగుతో జిడ్డుగ నుండుట చూచి, పాపము, కొడుకునకు సాయము చేయుదమని దానిని కుళాయి క్రింద పిండి పిండి ఉతికి తెల్లగ చేసి మరల పెట్టెను. కుళాయినీటిలో క్లోరిను కలదు. సూక్ష్మజీవులను చంపి మనలను రోగములనుండి కాపాడుటకే దానిని కలుపుదురు. షొలేజింగ్ గొట్టములో క్లోరోఫారము చేసిన పనినే అది స్పాంజిలో చేసెను. మరునాటి సాయంకాలము అమ్మోనియా మరల లేత ఆకుపచ్చ.

బాలుడు స్పాంజిని చూచెను. తల్లి ముఖమును చూచెను. "బాగా కడిగానా నాన్నా?" అని ఆమె అడిగెను. "బాగా కడిగావమ్మా" అని నోటుబుక్కు తీసి ఆనాటి అంకె వ్రాసికొనెను. ఇకమీదట తొట్టిలోని నీటినే బకెట్టులోనికి తీసి అందులో పిండవలెనని ఆమెకు రెండు దినముల తరువాత నెమ్మదిగ చెప్పెను.

చెల్లెలికి మాత్రము ఆనాడే చెప్పక తప్పలేదు. కొత్త పరికిణీ కట్టుకొని ఆమె తొట్టి ముందు నిలిచియుండెను. అందులో కుండపెంకులు తప్ప మరేమియు లేదు.

"మాటిచ్చావుగా!"

"ఇచ్చాను. అప్పుడు నీళ్లు బాగానే ఉన్నాయా అని అడిగావు చూడు, దానికి ఇప్పుడు జవాబు చెప్తాను, రా" అని నాళికలో నీరు పోసి చుక్కలు ఆమెచేతనే వేయించెను. తెల్లని నీరు ఆమె కన్నులముందే ఎరుపెక్కెను. "ఇది తెల్లగా ఉండిపోయిన రోజు చేపలు వస్తాయి" అని రంగుల అట్టను ఆమె చేతికిచ్చెను. ఆమె అలుక తీరలేదు. కాని అట్టను తిరిగి ఇయ్యలేదు.

అదియే మంచిదయ్యెను. ముప్పది దినములు దాటిన పిమ్మట బాలుని కన్ను అతనికి తెలియకయే మోసము చేయసాగెను. నాళికను దీపము దగ్గర పెట్టి చూచినచో గులాబిరంగు వెలిసినట్లుండును. "సున్నే కదూ?" అనెడివాడు. చెల్లెలు నాళికను లాగికొని పెరటి గుమ్మము దగ్గర, పగటి వెలుతురులో, తెల్లకాగితము మీద పెట్టి చూచి, "ఇంకా గులాబీయే" అనెడిది. కావలెనని కోరువాడు రంగును చూడలేడు. ఆమెకును చేపలు కావలయును. కాని ఒకసారి ఏడ్చినది గనుక కన్ను గట్టిపడినది. అన్న వ్రాసిన అంకెలను రెండుమార్లు ఆమె కొట్టివేసి సరిదిద్దిన జాడ నోటుబుక్కులో నేటికిని కలదు.

ఈ నడుమ చేపల దుకాణమువారు ఒక సీసాను చూపి, ఇది పోసిన మరునాడే చేపలు వేయవచ్చునని చెప్పిరి. సజీవములైన నైట్రీకరణ జీవులు గల సీసాలు కొన్ని నిజముగనే తొట్టిని త్వరగా పండించును. వేడికి తగిలి లోనివి చచ్చిపోయిన సీసాలును ఉండును. లేబులును చూచి రెంటికిని భేదము చెప్పలేము. పోసినవాడును పోయనివాడును చివరకు చేయవలసిన పరీక్ష ఒక్కటే.

ముప్పదియెనిమిదవనాడు నైట్రైటు నాళిక తెల్లగ నిలిచెను. చెల్లెలు కాగితము మీద పెట్టి చూచి తలయూపెను. ఆదివారము మేనమామ వచ్చెను. రెండు సున్నలును వచ్చినంత మాత్రమున చాలదనెను. తినుటకేమియు లేనప్పుడు పళ్లెము ఖాళీగ నుండుట గొప్ప కాదు గదా! వడ్డించిన పిమ్మట ఎంతసేపటికి ఖాళీయగునో చూడవలెను. కళాయి పూయువారు నవాసారమను ఉప్పును వాడుదురు; రసాయన శాస్త్రమున దాని పేరు అమ్మోనియం క్లోరైడు. కళాయివారి సరకులో మలినములుండును గనుక మేనమామ ప్రయోగశాలలో వాడు శుద్ధమైనదానిని తెచ్చెను. వంద లీటర్ల నీటికి 0.6 గ్రాము కలిపినచో అమ్మోనియా లీటరునకు సుమారు 2 మిల్లీగ్రాములగును. దానిని తూచి, కరిగించి, సాయంకాలము ఆరు గంటలకు పోసిరి. ఇరువదినాలుగు గంటలలో అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నకు దిగినచో తొట్టి పండినట్లు.

మరునాడు ఆరు గంటలకు అమ్మోనియా పసుపు. నైట్రైటు? బాలుడు నాళికను పట్టుకొని చాలసేపు చూచెను. ఉన్నదో లేదో తెలియని లేత గులాబి.

"నువ్వే చెప్పు" అని నాళికను చెల్లెలి చేతికిచ్చెను.

ఆమె గుమ్మము దగ్గరకు పోయి, వచ్చి, ఏమియు చెప్పకుండ నోటుబుక్కులో 0.25 అని వ్రాసెను.

మరి ఐదు దినములు గడచెను. ఆరవనాడు మరల 0.6 గ్రాము. మరునాటి సాయంకాలము వాన కురియుచుండుటచే వెలుతురు చాలలేదు. ఇద్దరును గొడుగు పట్టుకొని పెరటిలో నిలిచి చూచిరి. పసుపు పసుపుగనే, తెలుపు తెలుపుగనే ఉండెను. నైట్రేటు నాళిక మాత్రము కెంపువలె ఎర్రబారెను. నలుబది దినములకు పైబడి పోగైన అమ్మోనియా అంతయు చేరినది అచటికే. తొట్టినీరు సగము తీసి, కొత్త సముద్రజలము పోసి, నైట్రేటును సగమునకు దింపిరి. మరునాటికి మరల కొంత మార్చిరి.

ఈసారి రెండు చిన్న చేపలే. సంచిని విప్పకుండ ఇరువది నిమిషములు తొట్టినీటి మీద తేలనిచ్చి, పిదప తొట్టినీటిని గరిటెడు గరిటెడుగ సంచిలో పోసి, గంటసేపటికి మెల్లగ వదలిరి. అవి ఒక్క ఉదుటున పోయి కుండపెంకు వెనుక దాగుకొనెను. ఆనాడు మేత వేయలేదు. మరునాడు చిటికెడు, ఒక్కసారి మాత్రమే. నాయనమ్మ సైతము వచ్చి పెంకు వెనుకకు తొంగిచూచి, "రెండూ ఉన్నాయా?" అని అడిగి పోయెను.

ఐదవనాటి సాయంకాలము ఆరు గంటలాయెను. చెల్లెలు నాళికలో నీరు నింపి చుక్కలు వేసి గడియారము చూచుచు నిలిచెను. చేపలు పెంకు చాటునుండి వెడలివచ్చి గాలిబుడగల ప్రక్కన ఈదుచుండెను.

"పసుపే అన్నయ్యా."

"గుమ్మం దగ్గరకెళ్లి చూశావా?"

"చూశాను. నువ్వూ చూడు" అని ఆమె నాళికను అతనికి అందించెను.